దారి, వాన, గింజ: పశ్చాత్తాపానికి కవులు వెతికిన పోలికలు

జరిగిపోయిన దాని గురించి కలిగే బాధకు తెలుగులో వాడే మాటల్లో చాలావాటి లోపల ఏదో ఒక పోలిక దాగి ఉంటుంది. పశ్చాత్తాపం అన్న మాటను విడదీస్తే 'తరువాతి వేడి' అని అర్థం వస్తుంది. పని చేస్తున్నప్పుడు తెలియని మంట, పని ముగిశాక లోపలి నుంచి రాజుకుంటుంది. 'చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు' అన్న సామెతలోనూ ఉన్నది మంటే గాని, అక్కడ కాలడం ముందే అయిపోయింది. వెనుక వచ్చినది ఆకు. గతజలసేతుబంధనం అన్న సమాసం మంటను వదిలి నీటి దగ్గరికి వెళ్తుంది: వరద పోయాక కట్టిన కట్ట అది. మూడూ ఒకే సంగతి చెబుతున్నట్టు పైకి కనిపిస్తాయి, కాని మూడూ మూడు వేర్వేరు బాధలు. మొదటిదానిలో బాధకు కారణం బయట ఎక్కడా లేదు. రెండోదానిలో కాపాడగలిగినది చేతికి అందేంత దూరంలోనే ఉంది, గుర్తుకు రావడమే ఆలస్యమైంది. మూడోదానిలో నేర్పు ఉంది, ఓపిక ఉంది, నీరే లేదు. అయితే ఆ కట్ట మరుసటి ఏటి వరదకు పనికివస్తుందన్న సంగతి సామెత చెప్పకపోయినా, పోలికలో మాత్రం ఉండనే ఉంది. నీటిని ఉపమానంగా తెచ్చుకున్నవారు, తాము ఉద్దేశించినా ఉద్దేశించకపోయినా, మళ్లీ వచ్చే వానాకాలాన్ని కూడా వెంట తెచ్చుకున్నట్టే.

కవిత్వంలో జీవితపు ఎంపికల గురించి, వాటి వెనుక మిగిలే వగపు గురించి ఆలోచించాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. ఉపమేయంతో పోల్చినంతలోనే ఉపమానం తన స్వభావాన్ని వదులుకోదు. దారికి దారి నియమాలు ఉంటాయి, ఋతువుకు ఋతువు నియమాలు, గింజకు గింజ నియమాలు ఉంటాయి. సంస్కృత ఆలంకారికుడు దండి తన 'కావ్యాదర్శం'లో రూపకాన్ని నిర్వచిస్తూ, భేదం మరుగున పడిన ఉపమే రూపకం అన్నాడు. భేదం మరుగున పడుతుందే గాని పోదు. 'బతుకు దారి వంటిది' అన్నప్పుడు 'వంటిది' అన్న మాట చదువరికి కొంత స్వేచ్ఛ ఇస్తుంది. 'బతుకుదారి' అన్నాక ఆ స్వేచ్ఛ ఉండదు, దారికి వర్తించేదంతా బతుకుకూ వర్తిస్తుందని మనసు ఒప్పుకుంటుంది. దారి చీలుతుంది కాబట్టి బతుకూ చీలుతుంది. ఒక మనిషి రెండు దారుల్లో ఒకేసారి నడవలేడు కాబట్టి రెండు బతుకులు బతకలేడు. ఇంతవరకు వచ్చాక పశ్చాత్తాపం ఏ రూపంలో ఉండాలో కూడా తేలిపోయినట్టే: అది నడవని దారిని గురించినదే అయి ఉండాలి.

ఈ పోలికను ప్రపంచమంతటా పాఠ్యపుస్తకాలకు ఎక్కించిన కవిత అమెరికా కవి రాబర్ట్ ఫ్రాస్ట్ రాసిన 'ది రోడ్ నాట్ టేకెన్'. ఇది 1915 ఆగస్టులో 'అట్లాంటిక్ మంత్లీ' పత్రికలో వచ్చింది, 1916లో 'మౌంటెన్ ఇంటర్వెల్' అనే సంపుటిలో మొదటి కవితగా నిలిచింది. అయిదేసి పాదాల చరణాలు నాలుగు, మొత్తం ఇరవై పాదాలు. ఆకులు పండిన అడవిలో దారి రెండుగా చీలిన చోట ఒక బాటసారి ఆగుతాడు. ఒక దారిని పొదల్లో మలుపు తిరిగేదాకా చూస్తాడు. రెండో దారిన వెళ్తాడు. మనుషులు అంతగా నడవని దారిని ఎంచుకున్నానని, అదే తన జీవితంలో తేడా అంతటికీ కారణమైందని చెప్పే చివరి పాదాలు విడిగా ఊడివచ్చి, ధైర్యంగా ఒంటరి దారిన నడవమనే ఉపదేశంగా చలామణీ అయ్యాయి. కవిత మధ్యలో ఉన్న పాదాలను పక్కన పెడితే తప్ప ఆ ఉపదేశం నిలబడదు.

మధ్య పాదాలు చెప్పేది ఇది. రెండో దారిలో గడ్డి దట్టంగా ఉందనీ, అడుగులు పడక ఎదురు చూస్తున్నట్టు ఉందనీ మొదట అనిపిస్తుంది. వెంటనే ఆ మాటను తానే సరిదిద్దుకుంటాడు: నిజానికి వచ్చేపోయేవారి వల్ల రెండు దారులూ దాదాపు ఒకేలా అరిగి ఉన్నాయి. ఆ పొద్దున రెండింటి మీదా ఎవరి కాలూ తొక్కి నల్లబరచని ఆకులే పరచుకుని ఉన్నాయి. అంటే ఎంచుకునే క్షణంలో ఒకదాన్ని మెచ్చి, ఇంకొకదాన్ని వద్దనడానికి కారణమేదీ కనిపించలేదు. మొదటి దారిని ఇంకో రోజుకు దాచుకున్నానని ఉత్సాహంగా అంటాడు గాని, దారి మరో దారికి చేర్చుతూనే పోతుందని తెలిసినవాడు కాబట్టి మళ్లీ ఇక్కడికి వస్తానా అన్న అనుమానం వెంటనే కలుగుతుంది. ఆ తరువాతిదే చివరి చరణం. అక్కడ క్రియ భవిష్యత్తులోకి మారుతుంది. ఎన్నో ఏళ్ల తరువాత, ఎక్కడో, ఒక నిట్టూర్పుతో ఈ సంగతి చెబుతాను అంటాడు. ఏమని చెబుతాడంటే, తక్కువమంది నడిచిన దారినే తాను పట్టానని. రెండూ ఒకేలా ఉన్నాయని కాసేపటి క్రితం తన నోటితోనే చెప్పినవాడు, ముసలితనంలో వేరే కథ చెప్పబోతున్నానని ముందుగానే ఒప్పుకుంటున్నాడు. ఆ కథ చెప్పేటప్పుడు 'నేను' అన్న మాట దగ్గర ఒక గీత గీసి ఆగి, తరువాతి పాదంలో మళ్లీ 'నేను' అని మొదలుపెడతాడు. మనిషి తన గతాన్ని తనకు నచ్చినట్టు మలుచుకునే ముందు ఒక్క క్షణం తడబడడం ఆ గీతలో వినిపిస్తుంది.

అందుచేత ఈ కవితలో పశ్చాత్తాపం ఎంపికలో లేదు, ఎంపికను తరువాత కథగా చెప్పుకోవడంలో ఉంది. చీలిన దారి అన్న ఉపమానం ఇందుకు సరిగ్గా అమరింది. నడవని దారి ఎటు పోయిందో ఎవరూ చూడలేదు కాబట్టి, దాని చివర ఏముందో ఎంతైనా ఊహించుకోవచ్చు. చూడని దానికి హద్దు లేదు, పోల్చి కాదనడానికి సాక్ష్యం లేదు. ఆ నిట్టూర్పు సంతృప్తితో వచ్చిందో వగపుతో వచ్చిందో కవి చెప్పకుండా వదిలేశాడు. కవిత శీర్షిక మాత్రం నడిచిన దారిని గురించి కాక నడవని దారిని గురించి.

ఈ కవిత పుట్టుక వెనుక ఉన్న స్నేహం తెలిస్తే దాని బరువు ఇంకా పెరుగుతుంది. 1912 నుంచి 1915 దాకా ఫ్రాస్ట్ కుటుంబంతో ఇంగ్లండులో ఉన్నాడు. అక్కడ ఆయనకు దగ్గరైన మిత్రుడు ఆంగ్ల రచయిత ఎడ్వర్డ్ థామస్. 1914లో గ్లాస్టర్‌షైర్ పల్లెల్లో ఇద్దరూ కలిసి మైళ్ల కొద్దీ నడిచేవారు. మిత్రుడికి అరుదైన మొక్కనో పువ్వునో చూపించాలని థామస్ ఒక దారిన తీసుకువెళ్లడం, తిరిగి వచ్చాక ఇంకో దారిన వెళ్లి ఉంటే బాగుండేదని నొచ్చుకోవడం అలవాటు. ఆ అలవాటును ప్రేమగా ఆట పట్టించడానికి రాసిన కవిత ఇది. థామస్ దాన్ని ఆటగా తీసుకోలేకపోయాడు. అప్పటికి ఆయన ముందు నిజంగానే రెండు దారులు ఉన్నాయి: ఫ్రాస్ట్ పిలిచినట్టు అమెరికా వెళ్లడం ఒకటి, సైన్యంలో చేరడం ఇంకొకటి. బ్రిటన్‌లో నిర్బంధ సైనిక సేవ ఇంకా అమలులోకి రాలేదు, ఆయన వయసు ముప్పై ఏడు, భార్యాబిడ్డలు ఉన్నవాడు. 1915 జులైలో సైన్యంలో చేరాడు. 1917 ఏప్రిల్ 9న ఫ్రాన్స్‌లోని ఆరాస్ దగ్గర మొదటి ప్రపంచ యుద్ధంలో మరణించాడు. ఒక కవిత ఒక మనిషిని యుద్ధానికి పంపిందని చెప్పడం అతిశయోక్తి అవుతుంది, థామస్ మనసులో అప్పటికే ఎన్నో పెనుగులాటలు ఉన్నాయి. అయినా ఒకరికి పోలికగా తోచినది మరొకరికి జీవితంగా కనిపించిందన్నది నిజం. భేదం మరుగున పడడమంటే అంత దూరం వెళ్తుంది.

చీలిన దారి ఎంత బలమైన పోలిక అయినా, అది చూపగలిగే పశ్చాత్తాపం ఒక రకానిదే. రెండు దారులూ తెలియనివి, రెండూ సమానమైనవి, ఏది మంచిదో ముందు చెప్పలేనివి అన్న షరతు మీదే అది నడుస్తుంది. మనిషి జీవితంలో ఎన్నో బాధలు ఈ షరతుకు లోబడవు. ఏది మంచిదో స్పష్టంగా తెలిసి ఉండి, తెలిసీ ఇంకొకటి చేసినవాడి బాధకు చీలిన దారి సరిపోదు. తెలుగు శతకం ఎక్కువగా తవ్విన నేల ఇదే, అందులోనూ ధూర్జటి 'శ్రీకాళహస్తీశ్వర శతకం' తవ్వినంత లోతుగా తవ్వినది మరొకటి దొరకడం కష్టం.

పదహారో శతాబ్దపు కవి అయిన ధూర్జటిని 1509 నుంచి 1529 దాకా ఏలిన శ్రీకృష్ణదేవరాయల కొలువులోని అష్టదిగ్గజాలలో ఒకడిగా సంప్రదాయం లెక్కిస్తుంది. కొలువు సుఖం ఎరిగినవాడు స్వర్ణముఖి ఒడ్డున వెలసిన దేవుడి ముందు నిలబడి తన గతాన్ని తిరగేసుకోవడం ఈ శతకానికి నేపథ్యం. మొదటి పద్యంలోనే ఆయన తన పోగొట్టుకున్నదాన్ని ఒక వానాకాలంగా చూపిస్తాడు. 'శ్రీవిద్యుత్కలితాజవంజవమహాజీమూతపాపాంబుధారావేగంబున మన్మనోబ్జసముదీర్ణత్వంబుఁ గోల్పోయితిన్' అన్న ఆ పొడవైన సమాసాన్ని విప్పితే ఒక్కొక్క పొరా బయటపడుతుంది. సంపద మెరుపు. సంసారం ఆ మెరుపు మెరిసే పెనుమేఘం. పాపాలు ఆ మేఘం కురిసే నీటిధారలు. మనసు ఆ ధారల వేగానికి తన వికాసాన్ని కోల్పోయిన తామర. ఆలంకారికులు సావయవ రూపకం అనే పద్ధతి ఇది: ఒక ప్రధానమైన పోలికకు దాని అవయవాలన్నిటినీ వరుసగా జతపరచడం. అయితే లక్షణం పేరు చెప్పి ఊరుకుంటే ఈ పద్యం చేసిన పని కనిపించదు.

చూడవలసినది, కవి తనను మేఘంలోనూ మెరుపులోనూ పెట్టుకోక తామరలో పెట్టుకోవడం. తామరకు కాళ్లు లేవు. అది ఏ దారినీ ఎంచుకోదు, ఉన్న చెరువులోనే ఉంటుంది, వాన వచ్చి మీద పడుతుంది. ఇలా చెప్పడంలో తప్పించుకునే ధోరణి ఉందని అనిపించవచ్చు. కాని కురిసినవి పాపాలు అని తానే చెప్పాడు కాబట్టి, ఎవరి పాపాలు అన్న ప్రశ్నకు జవాబు ఒక్కటే మిగులుతుంది. ఇక పద్యం రెండో సగంలో అడిగినది శరత్తు: నీ దయ అనే శరత్కాలం వస్తే అంతే చాలు, నీ సేవతో తామరతంపరగా బతుకుతాను అంటాడు. తామరతంపర అంటే విస్తారంగా వర్ధిల్లడమని జాతీయార్థం, ఆ జాతీయంలోనే తామర ఉంది. అలవాటైన మాటగా అరిగిపోయిన జాతీయాన్ని కవి దాని పుట్టిన చెరువులోకి తిరిగి దించాడు. వానాకాలం పోతే నీరు తేటపడి తామరలు మళ్లీ పూయడం ఋతుధర్మం. వాన వేగం ఎంత పెద్దదైనా దుంప బురదలో బతికే ఉంటుంది. చీలిన దారి దగ్గర లేని తిరుగుదారి ఈ పోలికలో ఉంది. ఫ్రాస్ట్ బాటసారికి మళ్లీ వెనక్కి వస్తానన్న ఆశ లేదు, ధూర్జటి వెనక్కి వెళ్లనక్కరలేదు, ఉన్నచోటికే ఋతువు వస్తుంది.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పుకోవాలి. శ్రీకాళహస్తి ప్రాంతానికి ఈశాన్య రుతుపవనాల వల్ల అక్టోబరు, నవంబరు నెలల్లోనే వానలు ఎక్కువ. అంటే ఆశ్వయుజ కార్తిక మాసాలైన శరత్తు అక్కడ తెరిపి కాలం కాదు, ముసురు కాలం. ధూర్జటి పిలిచినది సంస్కృత కావ్యాలు చదివి మనసులో నిలుపుకున్న శరత్తు. తన ఊరి ఆకాశం ఇవ్వని తేటదనాన్ని కవిత్వం ఇచ్చిన ఋతువు నుంచి అడగడంలో, ఆయన ఉద్దేశించాడో లేదో గాని, ఆ కోరిక తీవ్రత మరింత తెలుస్తుంది.

అందరి నోటా ఉండే 'రాజుల్ మత్తులు వారి సేవ నరకప్రాయంబు' అన్న పద్యంలో పోలిక మారుతుంది. నరకప్రాయం అన్నది బిగ్గరగా వినిపించే మాట గనుక జనం దాన్నే గుర్తు పెట్టుకున్నారు. దాని పక్కనే ఇంకా లోతైన మాట ఉంది. రాజులు ఇచ్చే స్త్రీలు, పల్లకీలు, గుర్రాలు, నగలు 'ఆత్మవ్యథాబీజంబుల్' అన్నాడు, మనసు నొప్పికి గింజలు అని. గింజ నాటిననాడు నొప్పి పెట్టదు. చేతిలో ఉన్నప్పుడు అది సంపదే. గాదెలో పోసుకున్నప్పుడు బతుకు భద్రతే. పల్లకి ఎక్కిననాడు ఎక్కినవాడికి కలిగిన సంతోషం అబద్ధం కాదన్న నిజాయితీ ఈ పోలికలో ఉంది. నొప్పి మొలకెత్తడానికి కాలం కావాలి, నీరు కావాలి, ఆ నీరు పోసినదీ తానే. వాన పోలికలో బాధ పైనుంచి పడింది. గింజ పోలికలో అది తన పొలంలో తన చేతితో నాటినది. రెండు పద్యాల మధ్య పోలిక మారడంతో పాటు బాధ్యత కూడా చోటు మారింది. వెంటనే 'తదపేక్ష చాలు, పరితృప్తిం బొందితిన్' అంటాడు. అనుభవించలేకపోయానని కాదు, కడుపు నిండిందని చెబుతున్నాడు. కోరినది దక్కక వగచేవాడి కన్న కోరినదంతా దక్కాక వగచేవాడి మాట నమ్మడం తేలిక, ఎందుకంటే అతడి దగ్గర నడవని దారి అనే ఊరట కూడా మిగలలేదు.

నాటిన గింజ కాయ కాసేదాకా శతకం ఆగుతుంది. 'కాయల్ గాచె వధూనఖాగ్రములచేఁ గాయంబు' అని మొదలయ్యే పద్యంలో, స్త్రీల గోటి గుర్తులతో ఒళ్లు కాయలు కాచిందని, ప్రాయం పోయిందని, తల బట్టతల అయిందని, చెప్పుకుంటే రోతగా ఉందని ఏ ముసుగూ లేకుండా చెబుతాడు. అరచేతికి కాయలు కాశాయి అని నేటికీ అంటాం. రాపిడితో చర్మం గట్టిపడడాన్ని చెట్టు కాయడంతో పోల్చినది భాషే, పోలిక అని గుర్తుపట్టలేనంతగా అది అరిగిపోయింది. గింజల గురించి చెప్పిన కవి నోట ఆ మాట వచ్చేసరికి పాత పోలికకు మళ్లీ చిగురు వస్తుంది. పైగా ద్రుతం, అంటే మాట చివరి నకారం, తరువాత కకారం గకారంగా మారడం వల్ల 'కాయంబు', అంటే దేహం, 'గాయంబు' అయింది. వ్యాకరణం తన నియమం తాను పాటించింది, అంతే. కాని చెవికి దేహం పుండుగా వినిపించింది. ఇంతటి పని అనువాదంలో నిలవదు. ఇది తెలుగు సంధిలో మాత్రమే జరిగే రూపకం.

తెలిసీ చేసిన తప్పు గురించి ఆయన రాసిన పద్యం 'అంతా మిథ్య తలంచి చూచిన' అన్నది. మనిషి అలా అని 'ఎఱింగిన్', ఎరిగి ఉండి కూడా, భార్యాబిడ్డలు, ధనం, దేహం శాశ్వతమనుకుని మోహసముద్రంలో తిరుగుతాడే తప్ప, నీ మీద 'చింతాకంతయుఁ జింత' నిలపడు అంటాడు. అంత పెద్ద సముద్రం పక్కన చింతాకు. పరిమాణాల మధ్య ఉన్న ఈ తేడాయే పద్యంలోని బాధ. చింత చెట్టు ఆకు ఎంత చిన్నదో తెలుగు పల్లెలో పుట్టినవారికి చెప్పనక్కరలేదు, అంతపాటి ఆలోచన కూడా చేయలేదన్నది మాట. కొలతకు తెచ్చిన ఆకు పేరులోనే 'చింత' ఉంది, కాని అది ఆలోచన అన్న అర్థంలోని చింత కాదు. ఉండవలసిన చోట లేనిది, లేనిచోట పేరుగా మిగిలింది. ఇక్కడ దారులు రెండు లేవు, తెలియకపోవడం లేదు. ఉన్నదల్లా ఎరుకకూ నడతకూ మధ్య ఉన్న దూరం, దాన్ని కొలవడానికే సముద్రమూ ఆకూ వచ్చాయి.

పశ్చాత్తాపం లేని ఎంపికను చూపడం ఇంతకన్న కష్టం, ఎందుకంటే పశ్చాత్తాపం లేనివాడు తరచు ఆలోచన లేనివాడుగా కనిపిస్తాడు. పోతన భాగవతం ఎనిమిదో స్కంధంలో బలి చక్రవర్తిని అలా కనిపించకుండా నిలబెట్టాడు. ఎదుట ఉన్న వటువు విష్ణువేనని, అడిగిన మూడడుగులు ఇస్తే సర్వమూ పోతుందని శుక్రాచార్యుడు ముందే చెప్పాడు. ప్రాణానికీ ధనానికీ మానానికీ ముప్పు వచ్చినప్పుడు బొంకినా పాపం లేదని తిరుగుదారి కూడా చూపించాడు. ఫ్రాస్ట్ బాటసారికి దొరకని సమాచారమంతా బలికి దొరికింది. మలుపు అవతల ఏముందో గురువు చెప్పేశాడు. అన్నీ విన్నాక బలి అన్నది: నరకమైనా, కట్టుబడడమైనా, రాజ్యం పోవడమైనా, కులం నశించడమైనా రానీ, 'తిరుగన్ నేరదు నాదు జిహ్వ'. దారి చీలిన చోట తిరగవలసినది కాలు. బలి ఆ తిరగడాన్ని నాలుకకు తెచ్చాడు. మాటే దారి, అది ఒక్కవైపే సాగుతుంది. 'నేరదు' అన్న క్రియ కూడా గమనించాలి: తిరగకూడదు అనలేదు, తిరగడం దానికి చేతకాదు అన్నాడు.

ఇవ్వడమెందుకో చెప్పడానికి ఆయన ఎంచుకున్న బొమ్మ చేయి. లక్ష్మీదేవి కొప్పు మీద, చెక్కిలి మీద, పాదాల మీద నిలిచి గౌరవం పొందిన విష్ణువు చేయి కింద ఉండి, తన చేయి మీద ఉండడం మేలు కాదా అని అడుగుతాడు. దానం పుచ్చుకునే చేయి కిందను, ఇచ్చే చేయి పైన ఉండడం మామూలు సంగతే. దాన్ని చూసిన తీరులోనే రాజ్యమంతా తూగిపోయింది. వెనువెంటనే 'రాజ్యము గీజ్యమున్ సతతమే' అన్న మాట వస్తుంది. పెళ్లీ గిళ్లీ, డబ్బూ గిబ్బూ అని చులకనగా అనే ఇంటి మాట తీరును చక్రవర్తి నోట పెట్టి, మూడు లోకాల ఏలికను ఒక్క ప్రతిధ్వనితో పోతన తేల్చివేశాడు. వదులుకుంటున్నదాని విలువ మనసులో ముందే తగ్గింది కాబట్టి తరువాత వగచడానికి చోటు లేదు.

సర్వమూ పోయి, మూడో అడుగుకు చోటు లేక కట్టుబడి నిలిచినప్పుడు బలి మళ్లీ తన నాలుక గురించే మాట్లాడతాడు: నా జిహ్వ సత్యమే గాని పలకదు, నీ మూడో పాదం నా తల మీద పెట్టు అంటాడు. ఎంపికకు ముందు చెప్పినదీ నాలుక మాటే, పోగొట్టుకున్నాక చెప్పినదీ నాలుక మాటే. ఫ్రాస్ట్ బాటసారి ముందు ఒకటి చూసి, తరువాత వేరొకటి చెప్పబోతున్నాడు. బలి చెప్పిన కథ మధ్యలో మారలేదు. ఒక మనిషి పశ్చాత్తాపపడుతున్నాడా లేదా అన్నది అతడు ఏడ్చాడా లేదా అన్నదాన్ని బట్టి కాక, తన ఎంపికను వర్ణించడానికి మొదట వాడిన పోలికనే చివరిదాకా వాడగలిగాడా అన్నదాన్ని బట్టి తెలుస్తుందని ఈ రెండు కవితలను పక్కపక్కన పెట్టి చదివితే అనిపిస్తుంది.

వేమన ఇనుము పద్యం దగ్గర ఎక్కువసేపు ఆగనక్కరలేదు, అది పిల్లలకు కూడా కంఠస్థమే. విరిగిన ఇనుమును రెండుసార్లయినా మూడుసార్లయినా కాచి అతకవచ్చు, విరిగిన మనసును అతకలేం అన్నది దాని సారం. పశ్చాత్తాపం అన్న మాటలోని వేడిని ఇక్కడ కమ్మరి కొలిమిలోకి తీసుకుపోయాడు కవి. కొలిమిలో వేడి బాధ పెట్టేది కాదు, అతికించేది. ఎదుటివాడి మనసు విరిచాక మనలో పుట్టే వేడి ఎంత ఎక్కువైనా, అది మనలోనే ఉంటుంది గాని ఆ ఇనుమును చేరదు. తాపానికి అతికించే శక్తి లేదని తెలిసిపోవడమే ఆ పద్యంలోని నొప్పి.

ఇరవయ్యో శతాబ్దానికి వస్తే దేవరకొండ బాలగంగాధర తిలక్ కవిత 'అమృతం కురిసిన రాత్రి' ఈ వరుసలో ప్రత్యేకంగా నిలుస్తుంది. 1921లో పుట్టి 1966లో కన్నుమూసిన ఆయన వచన కవితలు ఇదే పేరుతో 1968లో పుస్తకంగా వచ్చాయి. కవితలో సంగతి సూటిగానే ఉంటుంది: ఆ రాత్రి అందరూ నిద్రపోతున్నారు, ఒక్కడు మాత్రం తలుపు తెరిచి, ఇల్లు విడిచి, కొండా కోనా దాటి వెన్నెల మైదానంలోకి వెళ్లి నిలబడ్డాడు, అమృతం కురిసింది, దోసిలి పట్టి తాగాడు. ధూర్జటి వానలో మనసు తామర చెడిపోయింది. తిలక్ వానలో తడిసినవాడు చావును దాటాడు. ఒకే వానను ఇద్దరు కవులు ఎదురెదురు దిక్కులకు నడిపించారు. ధూర్జటికి వాన తప్పించుకోలేనిది. తిలక్‌కు వాన బయటికి వెళ్తేనే దొరికేది.

ఇక్కడ ఎంపిక దారుల మధ్య కాదు, గడప దగ్గర. లోపల ఉండిపోవడానికి ఏ నిర్ణయమూ చేయనక్కరలేదు, నిద్రపోతే చాలు. ఆ నిద్రపోయినవారిని కవి తిట్టలేదు. నిత్యజీవితంలో అలసి సొలసి, అలవాటునూ అస్వతంత్రతనూ కౌగిలించుకుని పడుకున్నారని జాలిగా చూపించాడు. కౌగిలింత అన్న మాటతో అలవాటు పడకలో తోడుగా మారింది, వెచ్చగా మారింది. దాన్ని విడిపించుకుని లేవడం ఎంత కష్టమో పగలంతా పని చేసి వచ్చిన ఎవరికైనా తెలుస్తుంది. ఫ్రాస్ట్ బాటసారి ఏదో ఒక దారి పట్టక తప్పని చోట నిలబడ్డాడు. ఈ నిద్రలో ఉన్నవారికి ఎంపిక ఒకటి ఎదురైందన్న సంగతే తెలియలేదు.

అందువల్ల వారికి పశ్చాత్తాపమూ లేదు. కురిసిందని తెలియనివాడు తడవలేదని వగచడు. తాను అమరుణ్ణయ్యానన్న సంగతి ఈనాటికీ ఎవరికీ తెలియదని కవి చెప్పుకుంటాడు. తెల్లవారి చూస్తే వీధి ఎప్పటిలాగే ఉంటుంది. చెప్పకుండా ఉంటే ఆ ఊరు నెమ్మదిగానే నిద్ర లేచేది. కవి చెప్పాడు. పుస్తకం తెరిచి ఆ పాదాలు చదివినవారు, ఆ రాత్రి తాము ఎక్కడ ఉన్నారో అప్పుడు మొదటిసారి తెలుసుకుంటారు.